ఊ కొట్టించే ఉద్యోగం

ఆగస్టు 4

చిట్టా రాయమని ఊరి సభవారి హుకుం. గాలి ఎటు, అల ఎంత, తాళ్ళు ఎలా ఉన్నాయి అని ముప్పై ఏళ్ళుగా రాస్తూనే ఉన్నాను, ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం చదువుతారట, పిల్లల బుర్రల గురించి కాబట్టి.

నా పేరు సంగాడి బుల్లెమ్మాయి. అరవై రెండేళ్ళు వచ్చినా ఇంకా అదే పేరు, ఏం చేస్తాం. పదకొండు పంట్లను, అంటే బల్లపరుపు పెద్ద పడవలను, గొలుసులతో కట్టి సముద్రం మీద తేల్చిన ఊరు మా కొత్త కోరంగి. పంటుకీ పంటుకీ మధ్య నడవడానికి వంతెనలు, మాట పంపడానికి ఇత్తడి గొట్టాలు వేశారు, ఆ గొట్టాలన్నీ కలిసే గది నాది. తుఫాను పట్టిందంటే కరెంటు కట్టేస్తారు. అప్పుడు ఊరంతటికీ నా నోరే దిక్కు. మామూలు రోజుల్లో ఆ నోటివల్ల ఊరికి కలుగుతున్న ఇబ్బంది గురించి సభలో మూడు తీర్మానాలున్నాయి.

సంగతి ఇదీ. మా ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకీ ఏడాది నిండగానే చెవి వెనక బొమ్మపూస అంటించడం ఆనవాయితీ. మనం కాకి అంటే చాలు, పూస ఆ పిల్ల కళ్ళముందు కాకిని నిలబెడుతుంది. ఎగిరింది అంటే ఎగరేస్తుంది. తల్లులకు హాయి, పిల్లలకు హాయి. ఈ ఏడు ఉప్పుగాలికి పూసలన్నీ తుప్పు పట్టి ఊడిపోయాయి. తయారుచేసేవాళ్ళు దుకాణం ఎప్పుడో మూసేశారు.

కిందటి తుఫానులోనే మాకు బుద్ధి రావలసింది. కరెంటు లేదు, పూసలు పనిచేయలేదు. నేను గొట్టంలో గొంతు చించుకుని, "వంటల పంటు తాడు తెగింది, అందుకని అటు పోకండి, ఉప్పు పంటులోకి పొండి" అని అరిచాను. పిల్లలకు 'వంటల పంటు' ఒక్కటే అందింది. ఊళ్ళో బడిఈడు పిల్లలు ఏడుగురూ తిన్నగా అక్కడికే పోయారు. అది కొట్టుకుపోకుండా ఒక్క గొలుసు మీద నిలబడింది కాబట్టి సరిపోయింది. వెళ్ళి చూస్తే ఎండురొయ్యలు తింటూ కూర్చున్నారు.

అందుకని తీర్మానం: ఆరేళ్ళు దాటిన పిల్లలు నోటితో చెప్పిన కథను అర్థం చేసుకోగలగాలి. సెప్టెంబరు 30న పరీక్ష. తప్పినవాళ్ళు తుఫానులు తగ్గే జనవరి దాకా ఒడ్డున గట్టు మీద హాస్టల్లో ఉండాలి. నేర్పే బాధ్యత నాది. తుఫానులో వాళ్ళు అర్థం చేసుకోవలసింది నా గొంతునే కాబట్టి నేనే నేర్పాలట.

మా తమ్ముడి కూతురు ధనకొండ సాయంత్రం వచ్చింది. తెగిన తాళ్ళను అల్లి కలిపే పని తనది. తుఫాను నెలల్లో ఆ పనివాళ్ళు ఊరు దాటడానికి వీల్లేదు. ఆ ఇంట్లో ఉన్నది తనూ, ఆరున్నరేళ్ళ కూతురు గంగాభవానీ, ఇద్దరే.

"అత్తా, నాలుగు నెలలు దాన్నొదిలి నేనుండలేను. ఏం సేత్తావో సెయ్యి," అంది.

"ఏం చేత్తానే? కథ చెబుతాను. కథ చెప్పడం కూడా ఓ పనేనా!" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆగస్టు 7

పనే.

ఏడుగురినీ చాప మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను. "ఒకాయన చేపలు పట్టడానికి పడవేసుకుని వెళ్ళాడు. తీరా సముద్రం మధ్యకి వెళ్ళాక చూసుకుంటే వల ఇంటిదగ్గరే మరిచిపోయాడు. ఇప్పుడేం చేస్తాడు?"

"ఎవరు?" అన్నాడు సింహాచలం.

"పడవలో వెళ్ళినాయన్రా."

"ఏ పడవ?"

గంగ లేచి వచ్చి నా వీపు వెనక్కి తొంగిచూసింది. బొమ్మ అక్కడ పడుతుందేమోనని. లేదని తెలిసి నావంక జాలిగా చూసి, వెళ్ళి కూర్చుంది.

అలాగని వాళ్ళేం మొద్దులు కారు. అన్నం తిను అంటే తింటారు, తలుపెయ్యి అంటే వేస్తారు. ఒక్కో మాటా తెలుసు. నాలుగు మాటల్ని వరసగా పేర్చితేనే జారిపోతున్నాయి.

గట్టు నుంచి డాక్టరు వచ్చాడు. అనంతపద్మనాభం అట. పేరున్నంత పొడుగు మనిషి లేడు. పడవలోనే రెండుసార్లు కక్కుకుని, మూడోసారి నా గది గుమ్మంలో కానిచ్చాడు. ఒక టోపీ తెచ్చాడు. పిల్లల తలకు పెడితే బుర్రలో ఏ భాగం పనిచేస్తోందో దాని మీద దీపాలు చెబుతాయి. చెవి దగ్గరది శబ్దానికి, కాస్త వెనకది మాటకు, నడినెత్తి వెనకది కథకు. గంగకు పెట్టి నేను కథ చెబితే మొదటి రెండూ మిణుకుమన్నాయి. మూడోదానికి ప్రాణమే లేదు.

"చూడండి బుల్లెమ్మాయిగారూ," అన్నాడు డాక్టరు, మూతి తుడుచుకుంటూ. "వినడం అనేది తల్లి కడుపులో ఉండగానే మొదలవుతుంది. మాటలు ఏడాదికి పట్టుబడతాయి. కథ అలా కాదు. మొదటి వాక్యాన్ని పట్టుకుని పదో వాక్యం దాకా నడవాలి. ఎవరు ఎవరో, ఏది ఎందుకు జరిగిందో కలుపుకోవాలి. బొమ్మ తనే గీసుకోవాలి. బుర్రలో ఆ దారులు వాడగా వాడగానే పడతాయి. పూస ఉన్నన్నాళ్ళూ ఆ పని పూసే చేసిపెట్టింది."

"అంటే కోడలొచ్చాక పొయ్యి దగ్గరకి పోని అత్తగారి యవ్వారం."

"అంతే అనుకోండి. అయితే వీళ్ళకింకా వయసుంది. నేర్చుకుంటారు."

"యాభై రోజుల్లోనా?"

మనిషి మళ్ళీ గుమ్మంవైపు పరిగెత్తాడు.

ఆగస్టు 19

దొరికింది! ఇన్నాళ్ళూ నా బుర్రకెందుకు తట్టలేదో.

మా చిన్నప్పుడు ఊ కొట్టకపోతే కథ ఉండేది కాదు. మా నాయనమ్మ ఒక వాక్యం చెప్పి ఆగేది. మేము "ఊ" అంటేనే రెండోది. అనకపోతే నిద్రపోయామని అటు తిరిగి తనూ పడుకునేది. వీళ్ళెవరికీ ఊ కొట్టడమే తెలియదు. పూసకు ఊ కొట్టాల్సిన పనేముంది?

నాలుగు రోజులు సాధన చేయించాను. ఈ రోజు ఏడుగురూ ఒక్కసారే "ఊ" అంటుంటే గది మోగిపోయింది. టోపీలో మాట దీపం నిలకడగా వెలిగింది. డాక్టరు ముచ్చటపడ్డాడు. ఊ కొట్టే అలవాటు గట్టున కూడా పోయిందట. నేను సలహా ఇస్తే పరీక్ష కాగితంలో కొత్త గడి గీశాడు: 'చెప్పిన వాక్యాలెన్ని, కొట్టిన ఊలెన్ని'. నూటికి ఎనభై వస్తే పాసు.

సభకు కబురు పెట్టాను, పిల్లలు దూసుకుపోతున్నారని. ధనకొండ సున్నుండలు చేసి పదకొండు పంట్లకూ పంచింది.

సెప్టెంబరు 2

నాకు చెప్పుదెబ్బలు తగలాలి.

కథ మధ్యలో ఉండగా ఉప్పు పంటు వాళ్ళు గొట్టంలో సరుకు జాబితా అడిగారు. పిల్లల ముందే కూర్చుని చదివాను. కథ చెప్పే గొంతులోంచి ఇంకా బయటకు రాలేదేమో, అదే రాగంలో చదివేశాను.

"ఉప్పు పన్నెండు బస్తాలు."

"ఊ."

"చిల్లులు పడ్డ బకెట్లు మూడు."

"ఊ."

జాబితా పక్కన పెట్టి అదే రాగంలో, "మీ అందరికీ రేపు పొద్దున్న తోకలు మొలుస్తాయి," అన్నాను.

"ఊ," అన్నారు ఏడుగురూ. గంగ తల కూడా ఊపింది. ఎంత ముద్దుగా ఊపిందని!

వాక్యం చివర నా రాగం దిగినప్పుడల్లా ఊ కొట్టాలి, అదీ వాళ్ళు నేర్చుకున్నది. కథ ఎక్కడిదక్కడే ఉంది. మూడో దీపం వెలగలేదని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఊలు బాగా వస్తున్నాయి కదా అని, అదే వెలుగుతుందిలే అనుకున్నాను. మాలో ఎవరిని అడిగినా అదే అనేవారు. ఊ కొట్టినవాడు విననట్టు ఎలా అవుతుంది?

సెప్టెంబరు 3

ధనకొండకు చెప్పాను. అల్లుతున్న తాడు వదిలి నన్ను నా గదిలోకి లాక్కొచ్చి తలుపేసింది.

"అత్తా, పరీచ్చలో ఊలే కదా లెక్కెడతారు?"

"ఆ."

"ఆటిల్లో మన పిల్ల ఫస్టు కదా?"

"ఆ."

"మరింకేంటి నీ బాధ? నోరు మూసుకుని కూకో. నీకు పుణ్యముంటాది."

"నోరు మూసుకుంటే పరీక్ష పాసవుతాది. తరవాత తుఫానొత్తాది. నేను గొట్టంలో పడమటి వంతెన విరిగింది, అటెల్లకే అంటాను. నీ కూతురు చక్కగా ఊ కొట్టి వంతెనెక్కుతాది. అప్పుడెవర్నడుగుతావే?"

ధనకొండ కూలబడి ఏడ్చింది. తను ఏడవగా నేను చూసింది అంతకుముందు ఒక్కసారే. నాకూ ఏడుపొచ్చింది గానీ ఇద్దరం ఏడిస్తే పని జరగదు.

"ఇంకా ఇరవై ఏడు రోజులున్నాయే," అన్నాను. "ఇరవై నాలుగో తారీకు దాకా సూత్తాను. వాళ్ళకి కథ రాకపోతే డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పేత్తాను. వచ్చినా చెప్పేత్తాను."

సెప్టెంబరు 6

ఊ నిషేధం. కొట్టినవాళ్ళకు సున్నుండ లేదు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఉన్న ఒక్క విద్యా లాగేసుకున్నాను కదా.

డాక్టరు ఒక మాటన్నాడు. ఒకే కథ మళ్ళీ మళ్ళీ చెప్పాలట. పెద్దది గుక్కతిప్పుకోకుండా చెప్పేదానికన్నా చిన్నది ఆగి ఆగి, అడిగి అడిగి చెబితే బుర్రలో దారి తొందరగా పడుతుందట. ముందు వాళ్ళు చూసినదాంతో మొదలుపెట్టి, మెల్లగా చూడనిదాంట్లోకి తీసుకెళ్ళమన్నాడు. కడుపులో ఏదీ నిలవకపోయినా మనిషికి బుర్ర ఉంది.

కిందటివారం గంగ చెప్పు నీళ్ళలో పడి కొట్టుకుపోవడం అందరూ చూశారు. అదే కథ. చెప్పు పడింది. తేలింది. వంతెన కిందకు పోయింది. అక్కడిదాకా చూసిందే. తరవాత? ఎవరూ చూడలేదు.

ఏడుగురూ బొమ్మ కోసం నా వీపు వెనక్కి చూశారు. రేపు మళ్ళీ చెబుతాను.

సెప్టెంబరు 17

చెప్పు కథ పన్నెండోసారి. నాకు కల్లో కూడా చెప్పులే.

ఈ రోజు వంతెన దాటించి, "అక్కడ ఒక ఆక్టోపస్సు దాన్ని చూసి, ఆహా, తొడుక్కుందాం అనుకుంది," అని ఆగాను.

సింహాచలం నవ్వాడు. ఉన్నట్టుండి, తనలో తనే.

"ఏంట్రా?"

"దానికి ఎనిమిది కాళ్ళు కదా మామ్మా. ఉన్నది ఒక్క సెప్పే."

డాక్టరు ఎగిరి గంతేసి తల గొట్టానికి కొట్టుకున్నాడు. టోపీ సింహాచలం తల మీదే ఉంది. మూడో దీపం చింతనిప్పులా వెలిగింది. నేను వాణ్ణి ముద్దుపెట్టుకుని, సున్నుండ ఇచ్చి, కళ్ళు తుడుచుకున్నాను. అవును, తుడుచుకున్నాను. చిట్టాలో రాస్తే నాకేం నామోషీ లేదు.

అయితే గంగ మాత్రం ఉలకదు, పలకదు. ఊ వద్దన్నాక నోరే మూసేసింది. ఏం అడిగినా నేలచూపులే. రోజూ వస్తుంది, కూర్చుంటుంది, పోతుంది. ధనకొండ రోజూ నన్ను అడగకుండా నా మొహం చూసి పోతుంది.

సెప్టెంబరు 24

డాక్టరుకు చెప్పేశాను. ఊ గడి ఎంత దండగో, ఆ దండగ సలహా నాదేనని. మనిషి కాసేపు గోళ్ళు కొరుక్కుని గడి కొట్టేశాడు. కొత్త పద్ధతి పెట్టాడు. పిల్ల చివరి పంటులో ఒక్కతే గొట్టం దగ్గర కూర్చోవాలి. నేను నా గదిలోంచి ఎప్పుడూ చెప్పని కథ చెప్పాలి. మొహం కనబడదు, చేతులు కనబడవు, గొంతొక్కటే. చివర మూడు ప్రశ్నలడుగుతారు. తుఫానులోనూ అంతే కదా.

అది న్యాయమే. కాకపోతే గంగ ప్రశ్నలకు జవాబు చెప్పి పద్దెనిమిది రోజులైంది.

గట్టుకు వెళ్ళే పిల్లల పెట్టెల మీద పేర్లు రాసి ఉంచమని సభవాళ్ళు తల్లులకు కబురుపెట్టారు. ధనకొండ పెట్టె సర్దింది. పేరు మాత్రం రాయలేదు.

సెప్టెంబరు 30

పొద్దున్నించీ ఆరు కథలు అల్లాను. నలుగురు పాసు, ఇద్దరు తప్పారు. తప్పినవాళ్ళ తల్లులు గొట్టంలోంచే నా ఏడు తరాలనూ పలకరించారు. వాళ్ళ బాధ వాళ్ళది. తోకలు మొలుస్తాయంటే ఊ కొట్టే పిల్లల్ని తుఫానులో ఉంచమనలేను. జనవరిలో రానీ, మళ్ళీ మొదలుపెడతాను.

చివర గంగ. అటు చివరి పంటులో తనూ, టోపీ. నా గదిలో నేనూ, డాక్టరూ, గుమ్మం పట్టుకుని ధనకొండా. నా దగ్గర కథలైపోయాయి. కిటికీలోంచి చూస్తే పంటు అంచున ఖాళీ పీతడిప్ప ఒకటి పడి ఉంది. అదే అందుకున్నాను.

"ఒక తల్లి పీత. దానికో పిల్లపీత. పిల్ల పెరుగుతోంది, ఒంటిమీద డిప్ప మాత్రం పెరగదు కదా. బిగుతైపోయింది. ఒకరోజు తల్లి మేతకి వెళ్ళాక పిల్ల ఆ డిప్ప విప్పేసింది. ఒళ్ళంతా మెత్తగా ఉంది, ఎవరన్నా తినేస్తారని భయమేసి రాతికింద దూరి నక్కింది."

ఆగాను. గొట్టంలో చప్పుడు లేదు.

"ఉందా?" అన్నాడు డాక్టరు గుసగుసగా.

"తల్లి తిరిగొచ్చింది. చూస్తే ఏముంది? ఖాళీ డిప్ప. కళ్ళ దగ్గర కన్నాలు, కాళ్ళ దగ్గర గొట్టాలు, లోపల ఎవరూ లేరు. నా పిల్లని ఎవరో తినేశారు అనుకుంది. ఆ డిప్పని ముందుకాళ్ళతో దగ్గరకి లాక్కుని ఏడవడం మొదలుపెట్టింది."

ధనకొండ కళ్ళు మూసుకుంది. నేను గొట్టం మీదకి వంగి, "ఏడుస్తోంది. ఏడుస్తూనే ఉంది," అన్నాను, ఏం చెప్పాలో తోచక.

"మామ్మా!"

గొట్టం అదిరింది. ఇరవై నాలుగు రోజుల తరవాత ఆ పిల్ల నోట మాట.

"మామ్మా, అది డిప్పే! ఉత్త డిప్ప! పిల్ల రాతికింద ఉంది! ఆవిడికి తెల్దు, సెప్పు!"

"నేనెలా చెప్పనే, నేనిక్కడ ఉన్నాను. ఆవిడేమో నీళ్ళలో ఉంది."

"అయితే ఏడుత్తానే ఉంటాదా?"

"తెలిసేదాకా ఏడుస్తుంది మరి."

దడదడమని అడుగుల చప్పుడు. తరవాత ఏమీ లేదు. డాక్టరు గొట్టంలోకి, "గంగాభవానీ, మొదటి ప్రశ్న," అన్నాడు. జవాబిచ్చే మనిషి అక్కడ ఉంటే కదా.

ముగ్గురం పడుతూ లేస్తూ పరిగెత్తాం. చివరి పంటు అంచున బోర్లా పడుకుని, టోపీ ఒక చెవి మీదకు జారిపోగా, గంగ నీళ్ళలోకి అరుస్తోంది. "ఓ పీతమ్మా! ఏడవకు! నీ పిల్ల రాతికింద ఉంది!" గొంతు జీరబోయింది. మొహమంతా కన్నీళ్ళు, చీమిడి. టోపీ వెనక దీపం పట్టపగలు కూడా కనబడేంతగా వెలుగుతోంది.

ధనకొండ వెళ్ళి పిల్లను లేపి ఒళ్ళోకి లాక్కుంది. ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చెప్పడం కష్టం.

డాక్టరు చేతిలో ప్రశ్నల కాగితం రెపరెపలాడుతోంది. "ప్రశ్నలు అడగాలి కదండీ," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

"ఇంకేం అడుగుతారండీ బాబూ?" అంది ధనకొండ, పిల్ల తల వదలకుండా. "తల్లికి తెల్దనీ, తనకి తెలుసనీ దానికి తెలిసింది కదండీ. ఇంకేం కావాలండీ?"

డాక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో కాగితం తీసి, 'గంగాభవాని ఇక్కడే ఉండవచ్చు' అని రాసి, సంతకం చేసి, ఆ తరవాత సముద్రంలోకి వంగి తన మామూలు పని కానిచ్చాడు.

గంగ నాతో మాట్లాడనంది. తల్లి పీతను అలా ఏడిపించి వదిలేసినందుకు. నడవనని మొండికేసి అక్కడే కూర్చుంది. గత్యంతరం లేక నేనూ మోకాళ్ళు పట్టుకుని పక్కన చతికిలబడి కథ పూర్తిచేశాను. పిల్లపీతకు కొత్త డిప్ప గట్టిపడింది, రాతికింద నుంచి బయటకొచ్చింది, తల్లి చూసింది, రెండూ కలిసి మేతకెళ్ళాయి. అయిపోయింది.

గంగ ముక్కు చీదుకుని ఆలోచించింది.

"అప్పటిదాకా ఎంతసేపు ఏడిసింది?"

"ఎంతోసేపు కాదులే. కాసేపే."

"కాదు."

"కాదేంటే? కథ చెప్పింది నేనా నువ్వా?"

"సెప్పింది నువ్వే," అంది గంగ. "సూసింది నేను. శానాసేపు ఏడిసింది."